ఎడమ పక్క సున్న

మా ఇల్లు కావలికి తూర్పున, సముద్రానికి రెండు మైళ్ల ఇవతల ఉంది. తూర్పు గాలి వీచే రోజున పెదవి తడుపుకుంటే నాలుకకు ఉప్పు తగులుతుంది. ఆ గాలికి మనుషులకు ఏమవుతుందో నేను చెప్పలేను గాని, ఇనుముకు ఏమవుతుందో లెక్కతో సహా చెప్పగలను. తలుపు గడియకు ఆరేళ్లు. బావి గిలక ఇరుసుకు మూడేళ్లు. సంతలో కొన్న మచ్చుకత్తికి పద్నాలుగు నెలలు.

ఉప్పుకొటార్లలో బస్తాలు లెక్కబెట్టడం నా పని. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయింది. ఆ తరవాతిదంతా అట్ట ఊడిపోయిన ఒక పాత లెక్కల పుస్తకంలో నాకు నేనే నేర్చుకున్నాను. త్రైరాశికం పట్టుబడిన రోజున నాకు కలిగిన సంతోషం పెళ్లినాడు కూడా కలగలేదని మా ఇంట్లో ఒక మాట ఉంది. అలా సొంతంగా నేర్చుకున్నవాడికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎవరూ అడగకపోయినా లెక్క వేస్తూ ఉంటాడు. పనిముట్ల విషయంలో నా జబ్బు ఇలా ఉండేది. ఏ కత్తి కొన్నా, ఏ గొడ్డలి కొన్నా, దానితో తొలి దెబ్బ వేసిన తేదీని దబ్బనంతో పిడి మీద చెక్కేవాణ్ణి. అది విరిగిననాడు విరిగిన తేదీలోంచి ఆ తేదీని తీసేస్తే దాని ఆయుష్షు తేలుతుంది. అంకెలు తెలుగు అంకెలే. వీధిబడిలో చేతికి అలవాటైనవి అవే. మా ఇంటామెకు చదువు లేదు. పెళ్లయిన కొత్తలో ఆ అంకెలు నేనే నేర్పాను. ఒకటి పక్కన సున్న పెడితే పదని, సున్న ఎడమ పక్కన పెడితే దానికి విలువ లేదని చెప్పాను. "విలువ లేనప్పుడు పెట్టడం దేనికి?" అని ఆమె అడిగింది. ఎవరూ పెట్టరని చెప్పాను.

మా పెరట్లో గంగరావి చెట్టు ఒకటుంది. ఇల్లు కట్టక ముందు నుంచీ ఉన్న చెట్టు. మా ఉప్పు నేలలో ఇంకో చెట్టు అంత పచ్చగా బతకదు కాబట్టి దాన్ని మొదలంటా కొట్టెయ్యాలని ఎవరూ అనుకోలేదు. పొద్దున పసుపుగా పూసిన పూలు సాయంత్రానికి ఎర్రబడి రాలతాయి. దాని కింద కూచుంటే వేసవిలో కూడా వీపు చల్లగా ఉంటుంది. దానితో వచ్చిన చిక్కు ఒక్కటే. ఏటా ఏదో ఒక కొమ్మ వంటింటి పెంకుల మీదికి సాగుతుంది. మా వైపు అసలు వానలు ఆశ్వయుజం తరవాతే. అప్పటికి ఆకులు పెంకుల సందుల్లో కుళ్లి ఉంటే నీళ్లు పొయ్యిలోకి దిగుతాయి. గాలివాన వస్తే కొమ్మే వచ్చి పెంకుల మీద పడుతుంది. కాబట్టి వానలకు ముందే, ఏటేటా, ఆ వైపు కొమ్మలు తియ్యాలి.

ఇది చిన్న పనే. మా ఇంట్లో మాత్రం చిన్న పని కాదు. మా వాళ్లలో ఒక కట్టడి ఉంది. భార్య కడుపుతో ఉన్నప్పుడు భర్త నాలుగు పనులు చెయ్యకూడదు. సముద్రంలో మునగకూడదు, గడ్డం గీయించుకోకూడదు, పాడె మొయ్యకూడదు, చెట్టు మీద కత్తి వెయ్యకూడదు. మా అత్త ఈ నాలుగూ వేళ్లు మడిచి మరీ చెప్పింది. మా ఇంటామె మొదటిసారి నెల తప్పినప్పుడు నాలుగూ పాటించాను. గడ్డం పెరిగితే కొటార్లలో నన్ను సన్న్యాసి అన్నారు. నాలుగో నెలలో పోయింది. రెండోసారీ పాటించాను. కొమ్మలు కొట్టడానికి కూలి మనిషిని పెట్టాను. అతను పైనుంచి నరుక్కుంటూ వచ్చాడు. సగం తెగిన కొమ్మ బరువుకు వంగి, మొదలు దాకా బెరడు చీల్చుకుంటూ జారింది. ఆ గాయం మానడానికి చెట్టుకు నాలుగేళ్లు పట్టింది. రెండోదీ ఆరో నెలలో పోయింది.

రెండుసార్లు పాటించాను, రెండుసార్లూ దక్కలేదు. ఈ కట్టడికి దేన్నీ ఆపే శక్తి లేదనడానికి నా వరకు ఆ లెక్క చాలు. ఒకసారి ఆ మాట మా ఇంటామెతో అన్నాను. ఆమె బియ్యం చెరుగుతూ, చేట ఆపకుండానే అంది:

"పాటిస్తేనే నిలవలేదు గదయ్యా. తప్పితే నిలుస్తుందా?"



నేను మూడో మచ్చుకత్తి కోసం తిరిగింది అరవైల మొదట్లో, కిలోలు కొత్తగా వచ్చి అందరూ నోటితో మణుగులు, కాగితం మీద కిలోలు చెప్పుకుంటున్న రోజుల్లో. మొదటి కత్తి సంతది. తళతళ మెరిసేది. పిడి మొదట్లో ఉన్న పొన్ను కింద, కంటికి కనబడని చోట, తుప్పు మెడను తినేసింది. పద్నాలుగో నెలలో కొమ్మలో దిగిన కత్తి కొమ్మలోనే ఉండిపోయింది, పిడి నా చేతిలో మిగిలింది. రెండోది నెల్లూరులో దుకాణంలో కొన్నాను. మైనం కాగితంలో చుట్టి ఇచ్చారు. రెండు చెక్కల మధ్య కత్తిని పెట్టి మేకులతో బిగించిన పిడి. మేకుల చుట్టూ మొదలైన ఎరుపు లోపలికి పాకింది. ఇరవై ఆరు నెలలు వచ్చింది. ఈ రెంటితో నాకు తెలిసింది ఏమిటంటే, కత్తి పదును దగ్గర చావదు. పదును పోతే సాన పెట్టుకోవచ్చు. కత్తి చచ్చేది ఇనుము, కర్ర కలిసే చోట. అక్కడ ఏముందో కొనేటప్పుడు ఎవరూ చూపరు.

రంపం కొనమని కొందరన్నారు. ముంజేతి కంటే లావు కొమ్మకు రంపమే మంచిది, ఒప్పుకుంటాను. కాని పచ్చి గంగరావి పొట్టు పళ్ల మధ్య ఇరుక్కుని రంపం కదలదు. పైగా ఉప్పు గాలికి ఆ సన్నటి పళ్లు రెండు వానాకాలాలకు మించి ఆగవు. కొమ్మ ముంజేతి లావు కాకముందే ఏటేటా తీసుకునేవాడికి మంచి బరువున్న మచ్చుకత్తి ఒకటి చాలు.

కావలిలో పెద్దరోడ్డు పక్కన ఒక సాయిబు కొలిమి ఉండేది. పాత లారీల కింద బరువు మోసే ఉక్కు పట్టీలు కొని, వాటితో కత్తులు, కొడవళ్లు కొట్టేవాడు. ఆయన దుకాణంలో మెరిసేది ఒక్కటీ ఉండదు. అన్నీ నల్లగా ఉంటాయి. నేను ఒక్కో కత్తినీ దారానికి వేలాడదీసి మేకుతో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. పగులున్న ఉక్కు మొద్దుగా పలుకుతుంది, లేనిది సాగదీసి పలుకుతుంది. ఏడు కత్తులు తట్టాను. సాయిబు తిత్తి ఆపి చూశాడు.

"ఏందన్నా, పెళ్లిచూపులకొచ్చి పిల్లను పాడమన్నట్టుండాది నీ యవ్వారం."

"ఇది ఎన్నేళ్లు వస్తుంది?"

"నేను ఎన్నేళ్లు వస్తానో చెప్పలేను, దాని సంగతి నేనేం చెప్పేది."

"రమారమి చెప్పు."

"పదేళ్లు. నువ్వు కొబ్బరికాయలు కొట్టకుండా ఉంటే. మీ ఉప్పు గాలిలో అయితే వారానికోసారి ఆముదం రాయాల. ఉక్కు మంచిదైతే చాలదన్నా, దాన్ని తుడిచే మనిషుండాల ఇంట్లో."

జానెడు మీద నాలుగు వేళ్ల కత్తి, కొన దగ్గర ముక్కులా వంపు. పిడిలోకి దిగే ఇనప తోక ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయి అవతల మడిచి ఉండాలని చెప్పి, పొన్ను ఊడదీయించి చూశాను. పిడి తుమ్మ. పట్టుకుంటే బరువు ముక్కు వైపు తూగింది. చేతి బలం కాకుండా కత్తి బరువే కొయ్యాలంటే అలాగే తూగాలి. తీసుకున్నాను. నేను జేబులోంచి దబ్బనం తీసి పిడి మీద ఎక్కడ చెక్కాలా అని చూస్తుంటే సాయిబు సంగతి అడిగాడు. చెప్పాను.

"కత్తికి జాతకం రాస్తావా! మా నాయన నాకు కూడా రాయలేదే" అన్నాడు. ఆ మాటకు ఇద్దరమూ నవ్వుకున్నాం.

అది సెప్టెంబరు నెల. మా ఇంటామె ఐదో తేదీన సంగంలో ఉన్న వాళ్ల అక్క ఇంటికి వెళ్లింది. అక్కకు జ్వరం, నాట్ల పని మీద ఉన్న మనుషులకు వండి పెట్టేవాళ్లు లేరు. ఇరవై రెండున తిరిగి వచ్చింది. ఆమె లేనప్పుడే నేను కొమ్మ కొట్టాను. నాలుగడుగుల సరుగుడు కర్ర పాతి, దాని నీడ మూడడుగులు వచ్చినప్పుడు కొమ్మ నీడ చూస్తే పన్నెండడుగులు. అంటే కొమ్మ పదహారడుగుల ఎత్తున ఉంది. దారంతో కొలిస్తే చుట్టుకొలత పదకొండు అంగుళాలు, మందం మూడున్నర. పెంకుల మీద పడకుండా తాడు కట్టి, తాడును పై కొమ్మ మీదుగా తిప్పి మొదలుకు బిగించాను. ముందు కొమ్మ అడుగు నుంచి ఆరు దెబ్బలు వేశాను. కూలి మనిషి చెయ్యనిది ఇదే. అడుగున ముందే గాటు ఉంటే కొమ్మ వంగినా బెరడు చీలదు. తరవాత పైనుంచి ముప్పై రెండు. మొత్తం ముప్పై ఎనిమిది దెబ్బలకు కొమ్మ తాడు మీదికి ఒరిగింది. మోడు చెయ్యి పెడితే జారేంత నున్నగా వచ్చింది. కత్తి అంచు వెలుగులో పెట్టి చూశాను. ఎక్కడా నొక్కు పడలేదు. ఆ సాయంత్రం పిడి మీద చెక్కాను: ౧౯-౯. పంతొమ్మిదో తేదీ, తొమ్మిదో నెల.

ఆ రోజు నేను చేసిన పనిలో తప్పేమీ లేదు. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

ఆమె వచ్చాక కత్తి చూపించాను. సాయిబు చెప్పిన ఆముదం మాట చెప్పాను. వారం వారం, శుక్రవారం పొద్దున, దీపం కుందులు తోమినాక కత్తికి ఆముదం రాయడం ఆమె పని అయింది. కత్తికి రాసి, మిగిలిన జిడ్డు పిడికి తుడిచేది.

అక్టోబరులో ఆమె బయట కూచోలేదు. మా ఇళ్లలో ఆడవాళ్లు నెలకు మూడు రోజులు వేరుగా ఉంటారు కాబట్టి, ఇంట్లో లెక్క వేసే మగాడికి అది తెలియకుండా ఉండదు. నవంబరులోనూ కూచోలేదు. ఆమె నోరు విప్పలేదు. రెండుసార్లు చెప్పుకుని నవ్వులపాలయ్యామన్న బాధ ఆమెది. నేను అడగలేదు. ఆమెకు ముప్పై ఐదు, నాకు నలభై దగ్గర పడుతున్నాయి, పెళ్లయి పద్నాలుగేళ్లు. ఇంకోసారి ఉండదని ఇద్దరికీ తెలుసు. అక్టోబరులో ఆ సంగతి లెక్కకు అందిన రోజున, కొటార్ల నుంచి రాగానే కాళ్లు కడుక్కోకుండా పెరట్లోకి వెళ్లి ఆ మోడు కింద నిలబడ్డాను. కారిన జిగురు ఎండి నల్లబడింది. ఎందుకు వెళ్లానో అప్పుడు ఆలోచించలేదు.

డిసెంబరు నడిమిలో, మూడో నెల నిండాక, మా అత్త వచ్చింది. ఆమె నాతో నేరుగా మాట్లాడదు. కూతురితో అంటున్నట్టుగా నాకు వినబడేలా అంటుంది. నేను మధ్యాహ్నం అన్నానికి కూచున్నాను. అత్త వంటింటి తలుపు చాటున నిలబడి పెరటి వైపు చూసింది.

"ఆ కొమ్మ ఎవరు కొట్టినారే?"

"ఆయనే."

"ఎప్పుడు?"

"నేను అక్క కాడ ఉన్నప్పుడు."

"అక్క కాడ పదిహేడు దినాలు ఉంటివి. దాంట్లో ఏ దినం? నువ్వు ఆడ తలకు పోసుకున్నది పదకొండుకు గదా. ముందా, తరవాతా? అడుగు ఆయన్ను."

కడుపు లెక్క మా వాళ్లు తలకు పోసుకున్న రోజు నుంచి పెడతారు. పదకొండుకు ముందైతే దోషం లేదు. తరవాతైతే ఉంది. పంతొమ్మిదిన ఆమె సంగంలో ఉంది, నేను ఇక్కడ ఉన్నాను, అప్పటికి కడుపే లేదు. ఆ మాట ఎవరైనా అనగలరు. కాని తలుపు చాటున నిలబడిన ముసలామెతో ఆ వాదన ఎవరు పెట్టుకుంటారు? మా ఇంటామె చేతిలో పులుసు గరిటె ఉంది. నా వైపు తిరిగింది. ముఖంలో రక్తం లేదు.

"ఏమయ్యా, ఏ తేదీ?"

"తొమ్మిది" అన్నాను.

"తొమ్మిదేనా?"

"తేదీల్లో నాకు సందేహమా?"

తలుపు చాటున అత్త ఊపిరి వదిలింది. "ఆయన లెక్క తప్పడు లే. రెండు దినాల ముందే. బతికిపోయినాం. పులుసు పొయ్యి ఆయనకు, చల్లారిపోతుండాది."

మా ఇంటామె బొటనవేలు వేళ్ల కణుపుల మీద ఒకటి రెండు మెట్లు కదిలి ఆగింది. "అట్టనే" అని పులుసు పోసింది. ఆమె కుదుటపడిందనుకున్నాను. నా ఇరవై ఏళ్ల కొటారు పనిలో ఒక్క బస్తా తప్పు చెప్పలేదు. చెప్పిన ఆ ఒక్క తప్పు మంచికే చెప్పానని తృప్తిగా అన్నం తిన్నాను.

తిరిగి పనిలోకి పోతూ ఉప్పు మడుల గట్టు మీద నడుస్తుంటే పిడి గుర్తొచ్చింది. మరునాడు పొద్దున తల్లీ కూతుళ్లు బావి దగ్గర ఉన్నప్పుడు చూరులోంచి కత్తి తీశాను. పిడి పారేస్తే కత్తికేమైందని అడుగుతుంది. అంకె గీకేస్తే గీకినట్టు కనబడుతుంది. మన ఒకటి అంకె చూడండి, అడుగున నోరు తెరిచిన సున్న అది. దబ్బనంతో ఆ నోరు మూశాను. ౧౯ కాస్తా ౦౯ అయింది. కొత్త గీత తెల్లగా కనబడుతుంటే దీపపు మసి, ఆముదం కలిపి రుద్దాను. నల్లబడింది. పని అరంగుళంలో పదో వంతు కూడా లేదు. ఎడమ పక్కన సున్న ఎవరూ పెట్టరని నాకు అప్పుడు తోచలేదు. పని చక్కగా కుదిరిందని మాత్రం తోచింది.

తరవాతి నెలలు మామూలుగానే గడిచినట్టు అనిపించాయి. అత్త వెళ్లిపోయింది. గడ్డం పెంచాను. సముద్రం వైపు వెళ్లలేదు. కావలి ఆస్పత్రిలో డాక్టరమ్మ రక్తం బొత్తిగా లేదని మందులు రాసింది. మా ఇంటామె ఆకుకూర తినేది, మందు వేసుకునేది. చెట్టు కింద కూచుని బియ్యం ఏరడం మానేసి పడమటి వసారాలోకి మారింది. ఎండ పొద్దు మారింది కాబట్టి అనుకున్నాను. కత్తికి ఆముదం రాసి, పిడిని గుడ్డతో చుట్టి చూరులో పెట్టడం మొదలుపెట్టింది. తుప్పు పట్టకుండా మంచి ఆలోచన అని మెచ్చుకున్నాను. ఆమె గుడ్డను ఇంకో చుట్టు చుట్టింది.

మార్చి చివర్లో, ఉప్పు మడుల్లో పని ముమ్మరంగా ఉన్నప్పుడు, గట్టు మీద ఎవరో నా వైపు పరుగెత్తి రావడం దూరం నుంచే చూశాను. నూట పన్నెండో బస్తా దగ్గర ఆపాను. ఇంటికి వెళ్లేసరికి అయిపోయింది. ఏడో నెల. ఆడపిల్ల. ఏడవలేదు. గుడ్డలో చుట్టి నా చేతుల్లో పెట్టారు. నా చేతులు బరువు అంచనా వేశాయి. వేయొద్దనుకున్నా వేశాయి. ఆ అంకె ఎవరికీ చెప్పలేదు, ఇక్కడా రాయను.

పిల్లను ఇసకదిబ్బల వైపు తీసుకెళ్లాం. తరవాత మా ఇంట్లో ఆ మాట రాలేదు. మా అత్త కూడా ఎత్తలేదు. తేదీ తొమ్మిది కదా, ఇక ఎవరిని అనగలదు? ఆ తప్పుడు అంకె నన్ను కాపాడింది. నేను దాన్ని చెప్పింది మాత్రం నన్ను కాపాడుకోవడానికి కాదు.

కత్తి నిలిచింది. ఏటా వానలకు ముందు గంగరావి కొమ్మలు దానితోనే కొట్టాను. ఇప్పుడు అడ్డు చెప్పడానికి ఏ కట్టడీ లేదు. సాయిబు అన్న పదేళ్లలో ఆరేళ్లు గడిచాక, మొన్నటి ఎండల్లో, తుమ్మ పిడి నిలువునా చీలింది. కత్తి మెడ దగ్గర ఊడదీసి చూస్తే తుప్పు చుక్క కూడా లేదు. అంత ఆముదం తాగింది. తుమ్మ చెక్క తెచ్చి వసారాలో కూచుని కొత్త పిడి చెక్కాను, తోక కాల్చి దించాను, పొన్ను తొడిగాను. మా ఇంటామె ఆముదం గిన్నె తెచ్చి పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూచుంది. నేను దబ్బనం తీశాను.

"అంకె వేస్తావా?"

"పాత పిడి మీదున్నదే దీని మీద వెయ్యాలి గదా. కత్తి అదే."

"వేస్తే వెయ్యి. ఎడం పక్క సున్న మాత్రం పెట్టబాక."

దబ్బనం ఎత్తి పట్టుకుని అడిగాను, "ఎప్పుడు చూసినావు?" ఆ సమయంలో కూడా నా నోటికి వచ్చింది తేదీయే.

"చూసేదేముంది. నువ్వు తొమ్మిది అన్నప్పుడే తెలుసు. అప్పటికి పన్నెండు వారాలు రాసినాను దానికి ఆముదం. పంతొమ్మిది నా బొటనవేలికి తెలుసు. ఆ పై శుక్రవారం వేలు పెడితే ఒకటి నోరు మూసుకోనుండాది."

"మరి ఆ రోజు మీ అమ్మ ముందు..."

"అమ్మ ముందు నిన్ను అబద్ధాలకోరుని చెయ్యమంటావా?"

"తరవాతైనా అడగొచ్చు గదా."

"అడిగితే ఇంకో అంకె చెప్పేవాడివి."

గిన్నెలో ఆముదం మీద ఈగ వాలితే చేత్తో తోలింది. కోపంగా లేదు. రేవులో ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"మా అమ్మ మాటలు నేను సగమే నమ్మేదాన్నయ్యా. ఆ రోజు నువ్వు, పంతొమ్మిది, అయితే ఏంది, అని నవ్వుంటే నేనూ నవ్వేసేదాన్ని. లెక్క తప్పని మనిషివి నువ్వు. నువ్వే తప్పుడు లెక్క చెప్పినావు. నీకే భయం ఉండాదే అనుకున్నా. నీకే భయమైతే ఇంక నేనెంత?"

జవాబు చెప్పాలని చూశాను. నాకు భయం లేదు, నీ కోసమే చెప్పాను, అని. ఆ మాట గొంతు దాకా వచ్చాక, అక్టోబరులో కాళ్లు కడుక్కోకుండా ఆ మోడు కింద ఎందుకు నిలబడ్డానో గుర్తొచ్చింది. ఆమె సరిగానే లెక్క వేసింది. నేనే నాకు తప్పు చెప్పుకున్నాను.

నేను తొమ్మిది అన్న మధ్యాహ్నం నుంచి గట్టు మీద మనిషి పరుగెత్తి వచ్చిన రోజుకు నూట మూడు రోజులు. ఆ నూట మూడు రోజులూ ఆమె కుదుటపడిందని నేను అనుకుంటూ ఉన్నాను. ఆమె పడమటి వసారాలో, చెట్టు కనబడని వైపు తిరిగి కూచుని ఉంది. రక్తం లేకపోవడం డాక్టరమ్మ చూసింది. మిగతాది చూడాల్సింది నేను. దగ్గర కూచుని, ఇద్దరం ఒక భయాన్ని పంచుకుని ఉంటే పిల్ల బతికేదని నేను అనను. అలా అనడానికి నా దగ్గర లెక్క లేదు. కాని ఆమె ఒక్కతే భయపడి ఉండేది కాదు.

"ఏ తేదీ వెయ్యమంటావు?" అన్నాను.

"ఏదీ వద్దు. కొమ్మ తెగితే చాలు."

దబ్బనం పక్కన పెట్టాను. ఆమె కొత్త పిడికి ఆముదం రాసింది. బొటనవేలు అలవాటుగా అంకె ఉండే చోటికి పోయి, అక్కడ నున్నగా ఉంటే ముందుకు జరిగింది. తరవాత లేచి, చీలిన పాత పిడి రెండు ముక్కలూ ఏరుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆరేళ్ల ఆముదం తాగిన తుమ్మ కదా, పొయ్యిలో పెట్టగానే భగ్గుమని అంటుకుంది. వసారాలో కూచున్న నాకు ఆ వాసన వచ్చింది. కాసేపటికి అన్నం ఉడుకుతున్న చప్పుడు వినబడింది.

వానలు ఇంకా మొదలు కాలేదు. ఈ ఏడు కొమ్మ పెంకులకు జానెడు దూరంలోకి వచ్చింది. కత్తి చూరులో ఉంది, గుడ్డ లేకుండా. మా ఇంట్లో అంకె లేని పనిముట్టు అదొక్కటే.